ఊరు ఉన్నదని రాసిన తీర్మానం

ఆ రోజు గ్రామసభ చేతులెత్తి ఆమోదించిన తీర్మానం ఒక్కటే. దిగువ ఊరు ఉన్నదని. ఉన్న ఊరిని ఉన్నదని నిర్ణయించడానికి సభ పెట్టడం నేను అంతకు ముందు ఎక్కడా చూడలేదు. పత్రికలో పనిచేసిన మనిషిని కనుక వాక్యం కుదురుగా వస్తుందని సర్పంచ్ కాగితం నా ముందుకు జరిపాడు. ఎలా మొదలుపెట్టాలో తోచక కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. లేదన్నది ఎవరు? ఎవరికి జవాబుగా ఉన్నదని రాయాలి? చివరికి "ఈ పంచాయతీ పరిధిలో దిగువ ఊరు తాతల కాలం నుంచి ఉన్నది, ఇప్పుడూ ఉన్నది" అని రాశాను. దిగువ ఊరి వార్డు సభ్యురాలు పక్కనే నిలబడి చదివించుకుంది. "ఇప్పుడూ అన్నకాడ గట్టిగా దిద్దండి బాబూ" అంది. దాని మీద కలం రెండోసారి నడిపాను.

సభకు కారణం ఆమె కూతురు. ఆ అమ్మాయికి నగరంలో నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. చేరాలంటే కొత్త జిల్లా ఇచ్చే కుల, నివాస ధ్రువపత్రం చూపించాలి. ఆ పత్రం కంప్యూటర్‌లోంచే రావాలి. కంప్యూటర్‌లో వాళ్ల ఊరు లేదు. ఊరు లేకపోతే పత్రం లేదు, పత్రం లేకపోతే సీటు లేదు. రెండు ముక్కల్లో చెప్పగలిగిన ఈ సంగతి నాకు బోధపడడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ అంతా బోధపడిందని చెప్పలేను.

జిల్లాలు విడగొట్టక ముందు మా కొండలన్నీ సముద్రపు ఒడ్డు నగరం చెప్పుచేతల్లో ఉండేవి. విడగొట్టాక ఏజెన్సీ అంతా కలిపి ఒక జిల్లా చేశారు. అనంతగిరి వాళ్లు అంతవరకూ ఏ పనికైనా ఘాట్ రోడ్డు దిగేవాళ్లు, ఇక మీదట కొండల మీదుగా అటు తిరగాల్సి వచ్చింది. గోదావరి వైపు నుంచి వచ్చి కలిసిన చింతూరు వాళ్లకు జిల్లా కేంద్రానికి వెళ్లి రావడం ఒక పూటలో తెమిలే పనే కాదు. ఏ ఆఫీసు ఏ బడి గదిలో సర్దుకుందో, ఏ ఫైలు ఏ వ్యానులో వెళ్లిందో అడిగితే ఆఫీసు వాళ్లే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

ఈ గందరగోళంలో పంచాయతీలకు సాయంగా ఉంటుందని, ఊళ్ల వివరాలన్నీ ఒకేచోట తెలుగులో కనిపించేటట్టు ఒక జాబితా తయారు చేయించారు. దానికి తెలుగు చూసే మనిషి కావలసి వచ్చాడు. నేను అప్పటికి ఉద్యోగం మానేసి అరకులో ఉంటున్నాను. అడిగారు, వెళ్లాను.

పాత జాబితా ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది. యంత్రం దాన్ని తెలుగులోకి మార్చేది. ఊళ్ల పేర్ల చివర వచ్చే పుట్టు అన్నది పట్టు అయ్యేది, గుడ కాస్తా గూడ అయ్యేది. ముగ్గురం ఒక బల్ల చుట్టూ కూర్చుని దిద్దేవాళ్లం. ఒకే ఊరు రెండు మూడు రకాల స్పెల్లింగులతో వచ్చేది కనుక, రెండోసారి కనిపించిన పేరును తీసేయమని కూడా చెప్పారు. తీసేశాం. మంచి పని చేస్తున్నామనే అనుకున్నాను. ఎన్నో ఏళ్లు కొండ ఊళ్ల పేర్లు తప్పుగా అచ్చు వేసినవాడిని, వాటిని సరిచేసే అవకాశం దొరికిందని లోపల కాస్త సంతోషం కూడా ఉండేది.

ధ్రువపత్రాలు కూడా ఇక ఆ జాబితాలోంచే ఇవ్వాలన్నారు. అది వాడడం ఎలాగో చూపించడానికి ఒకరోజు ఆ పంచాయతీ సచివాలయానికి వెళ్లాను. అప్పుడే వార్డు సభ్యురాలు కూతురిని వెంటబెట్టుకుని, దరఖాస్తు పట్టుకుని వచ్చింది. తెల్లవారుజామున బయలుదేరి కొండ ఎక్కి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లు మంచుకు తడిసి ఉన్నాయి. డిజిటల్ అసిస్టెంట్ మైదానం నుంచి వచ్చిన ఆవిడ, ఓపికైన మనిషి. పంచాయతీ పేరు నొక్కింది. ఊళ్ల పేర్లు వరసగా కిందికి దిగాయి. పై నుంచి కిందికి చదివింది, మళ్లీ కింది నుంచి పైకి చదివింది.

ఆ పంచాయతీలో ఒకే పేరుతో రెండు ఊళ్లున్నాయి. గెడ్డకు, అంటే కొండవాగుకు, పైనున్నది ఎగువ, కిందనున్నది దిగువ. అసలు పేరు ఇక్కడ రాయను. ముందున్న మాటలే ఈ సంగతికి ముఖ్యం. తెర మీద ఆ పేరు ఒక్కసారే ఉంది. దాని ముందు "ఈ" అని ఒక్క అక్షరం ఉంది. ఎగువా లేదు, దిగువా లేదు.

"ఇదేనేమో చూడమ్మా. ఈ ఊరు అని ఉంది" అంది అసిస్టెంట్.

"ఈ ఊరంటే ఏ ఊరమ్మా?" అని అడిగింది వార్డు సభ్యురాలు.

అది నేనే దిద్దిన జాబితా. "ఈ" అన్నది తెలుగు మాటే కనుక దిద్దేటప్పుడు నా కంటికి తప్పుగా ఆనలేదు. ఊళ్ల కోడ్ నంబర్లు సరిచూస్తే అది ఎగువ ఊరని తేలింది. పక్కగదిలోంచి వచ్చిన సర్పంచ్ ఎగువ ఊరి మనిషే. తెర వైపు చూసి నవ్వాడు. "అయితే కంప్యూటర్‌కి ఈ ఊరే తెల్సు, ఆ ఊరు తెలీదు. ఒదినా, మీ ఊరికి దినం సేసీసినారు" అన్నాడు.

"నీ ఊరికి ఇంటిపేరెట్టినారు గదా, సంబరపడు" అంది ఆమె.

గడువు దగ్గర పడుతోంది కనుక ప్రస్తుతానికి ఎగువ ఊరినే నొక్కి పత్రం తీసుకోమని అసిస్టెంట్ సలహా ఇచ్చింది. సర్పంచ్‌ కూడా అభ్యంతరం లేదన్నాడు. నాకూ అదే సులువనిపించింది. ఆమె ఒప్పుకోలేదు. అటవీ భూమి పట్టా, భర్త చనిపోయినప్పటి ధ్రువపత్రం, కూతురి బడి సర్టిఫికెట్, అన్నిటి మీదా దిగువ అనే ఉంది. "పక్కూరి పిల్ల అని రాయించుకెళ్తే రేపు ఆ కాలేజీవోళ్లు ఈ గుంట ఎవురిదని అడగరేటి? నానేటి సెప్పాలి?" అంది. కూతురు దరఖాస్తు మీద నివాసం అన్నచోట వేలు ఆనించి నిలబడింది.

దిగువ ఊరు ఎలా పోయిందో కనుక్కుంటానని చెప్పి వచ్చాను. పాత మండల ఆఫీసులో జాబితాలు రాసిన గుమాస్తా రిటైరై అనంతగిరి దగ్గర తన కాఫీ తోటలో ఉన్నాడని తెలిసింది. వెళ్లేసరికి గోనెల మీద గింజ ఆరబోస్తున్నాడు. విషయం చెబితే చేయి ఆపకుండానే విన్నాడు.

"గడి సన్నం గురువుగారూ. ఎగువ, దిగువ పూర్తిగా రాస్తే పట్టేది కాదు. ఇంగ్లీషులో ఈ అని, డి అని ఏసీవోణ్ని. మండలంలో అందరికీ తెల్సు" అన్నాడు. "డి అంటే మీరేటనుకున్నారు?" అని అడిగాడు.

పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దేటప్పుడు, ఎగరగొట్టాల్సిన మాటను గీత కొట్టి అంచున ఇంగ్లీషు డి లాంటి గుర్తు పెట్టేవాళ్లం. ఆ గుర్తు కనిపిస్తే ఎందుకని అడగకుండా ఆ మాట తీసేసేవాళ్లం. జాబితాలో ఒకే పేరు రెండుసార్లు ఉండి, రెండో దాని ముందు డి ఉంటే నా చేయి ఏం చేసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కానీ నిజంగా నేనే తీశానా? బల్ల దగ్గర ముగ్గురం ఉన్నాం. మిగతా ఇద్దరిలో ఒకామె డి అంటే డూప్లికేట్ అనుకున్నానని తర్వాత ఫోన్లో చెప్పింది, అయితే ఆ పంచాయతీ తాను చూసినట్టు గుర్తు లేదంది. నాకూ గుర్తు లేదు. ఎవరు ఏది తీశారో యంత్రం దాచిపెట్టి ఉండాలి. చూపించమంటే, ఆ పని చేసిన సంస్థ ఒప్పందం ముగిసిందన్నారు.

అదే జాబితాలో ఇంకెన్ని దిగువలు పోయాయో అన్న ఆలోచన గుమాస్తా దగ్గర్నుంచి తిరిగి వస్తుంటే ఘాట్ రోడ్డు మీద, బస్సులో వచ్చింది. తర్వాత వెతికితే కొన్ని పేర్ల ముందు డి అలాగే ఉంది, కొన్నిచోట్ల లేదు. ఏ పద్ధతిలో కొన్ని మిగిలి కొన్ని పోయాయో నాకు అంతుపట్టలేదు.

గ్రామసభకు ముందు వార్డు సభ్యురాలితో ఇదంతా చెప్పాను. తీసింది నేనే కావచ్చునని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె విస్తళ్లకు కోసిన అడ్డాకుల కట్ట తాడు బిగిస్తూ విని, "మీరు తీసినారో, అది తీసిందో నాకెందుకు బాబూ. మళ్లీ ఎట్టగలరా, ఎట్టలేరా? అది సెప్పండి బేగి" అంది.

పెట్టించవచ్చు, కానీ గ్రామసభ తీర్మానం ఉండాలన్నారు. అలా వచ్చింది ఆ సభ. ఎగువ ఊరి వాళ్లు కూడా పని మానుకుని వచ్చి సాక్షి సంతకాలు, వేలిముద్రలు వేశారు. తీర్మానం పంపడానికి కంప్యూటర్ తెరిస్తే, అన్నిటికన్నా ముందు ఊరు ఎంచుకోమంది. దిగువ ఊరు లేదని చెప్పడానికి దిగువ ఊరిని నొక్కాలి. అసిస్టెంట్ నా వైపు చూసింది. నేను సర్పంచ్ వైపు చూశాను. చివరికి ఎగువ ఊరి పేరు మీదే పంపాం. అటు నుంచి వచ్చిన రసీదులో, ఎగువ ఊరు ఉన్నదన్న విన్నపం అందినదని ఉంది.

తహసీల్దార్ చేత్తో రాసిన ఉత్తరం ఒకటి ఇచ్చారు. కాలేజీ వాళ్లు దాన్ని తీసుకుని, అసలు పత్రం తర్వాత తెస్తామని తల్లీకూతుళ్ల చేత హామీ రాయించుకుని అమ్మాయిని చేర్చుకున్నారు. విన్నపం జిల్లాకు వెళ్లింది. రెండుసార్లు నేనూ వెళ్లాను. మొదటిసారి తీర్మానంలో ఊరి పేరుకూ రసీదులో ఊరి పేరుకూ పొంతన లేదన్నారు. రెండోసారి, జిల్లా హద్దులు మళ్లీ మారుస్తున్నారు కనుక అంతవరకూ ఏ జాబితా ముట్టుకోకూడదన్నారు. మా పంచాయతీ మారేవాటిలో ఉందా అని అడిగాను. ఉండకపోవచ్చు అన్నారు. మరి మా జాబితా ఎందుకు ఆగాలి అంటే, అన్ని జాబితాలూ ఆగాయన్నారు. అర్థమైనట్టు తలూపి వచ్చేశాను.

అమ్మాయి మొదటి ఏడాది పరీక్షలు రాసింది. కాలేజీ బోర్డు మీద అందరి ఫలితాలూ అంటించారు. ఆమె నంబరు ఎదురుగా మార్కులు లేవు. ధ్రువపత్రం అందేవరకు నిలిపివేయడమైనది అని ఉంది. ఇది రాసే నాటికి ఆ ఫలితం ఇంకా ఇవ్వలేదు.