మూడోసారి అడగని సభ్యుడు

మా ఊళ్ళో ఎవరైనా కాఫీ ఇస్తానంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి "ఎందుకండీ మీకు శ్రమ" అనాలి. మూడోసారి కూడా అడిగితే "సరే, అరకప్పు చాలు" అని నిండు కప్పు తాగాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు, చిన్నప్పుడే ఒంటికి పట్టేస్తుంది. మొదటిసారికే "ఇవ్వండి" అనేవాణ్ణి మేం మొహం మీద ఏమీ అనం. వాడు వెళ్ళాక మాత్రం చాలాసేపు వాడి గురించే మాట్లాడుకుంటాం.

ఈ విద్యలో అర్లిస్ హాగ్‌స్టాడ్ మా అందరికంటే రెండాకులు ఎక్కువే చదివింది. ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు చలికి గడ్డకట్టిన ఇనుప కమ్మీని నాకి, నాలుక దానికి అతుక్కుపోయి నిలబడింది. టీచరమ్మ పరిగెత్తుకొచ్చి ఏమైందే అని అడిగితే, ఆ అతుక్కున్న నాలుకతోనే "ఏం లేదండీ" అంది. నాలుగేళ్ళ కిందట ఆమె కారు మంచులో జారి రోడ్డు పక్క కాలవలో పడింది. అటుగా పోతూ నేను ట్రక్కు ఆపాను.

"ఏమే, లాగమంటావా?"

"వద్దులేరా ఐవర్. కాసేపు చల్లగాలికి కూర్చుందామని ఆగాను."

కారు ముక్కు నేలలో ఉంది, వెనక చక్రాలు గాల్లో ఉన్నాయి. మూడోసారి అడిగాకే గొలుసు కట్టనిచ్చింది.

ఇలాంటి మనిషికి చేపలతో ఉద్యోగం దొరకడం ఆమె అదృష్టం. చేపలతో మాట్లాడక్కర్లేదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున, మా ఊరి చివర, ప్రభుత్వ చేపపిల్లల కేంద్రం ఉంది. అక్కడ గుడ్లు పొదిగించి, ట్రౌట్ పిల్లల్ని వేలెడు పొడవయ్యేదాకా తొట్లలో పెంచి, వసంతంలో సరస్సులో వదలడం ఆమె పని. ముప్పై ఒక్కేళ్ళుగా అదే పని. భర్త పోయిన వారం కూడా రోజూ పొద్దున ఆరింటికి వచ్చి మేత వేసింది. ఈ కథ జరిగిన ఏడాది తొట్లలో లక్షా ఎనభై వేల పిల్లలున్నాయి.

అక్టోబరు ఒకటిన వాషింగ్టన్‌లో వాళ్ళకీ వీళ్ళకీ పొసగక, బడ్జెట్ ఆగిపోయి, ప్రభుత్వం మూతపడింది. కేంద్రం మేనేజరు వారెన్‌ని ఇంట్లో కూర్చోమన్నారు. ఆఫీసు ఫోను కూడా ముట్టుకోవద్దన్నారు. అర్లిస్‌ని మాత్రం "అత్యవసర ఉద్యోగి" అన్నారు. అంటే జీతం రాదు, పని మానకూడదు. ఆ బిరుదుకి ఆమె ఒకరోజు మురిసిపోయింది కూడా. ముప్పై ఏళ్ళలో ఆమెను ఎవరూ అంత మాట అనలేదు.

చిక్కంతా మేత దగ్గర వచ్చింది. మేత తెప్పించాలంటే వారెన్ సంతకం కావాలి. ఇంట్లో కూర్చోబెట్టిన వారెన్ సంతకం పెడితే నేరం. పోనీ ఊళ్ళో వాళ్ళం కొనిద్దామంటే, మూతపడ్డ ప్రభుత్వానికి ఎవరూ ఊరికే ఏమీ ఇవ్వకూడదట, ఊరికే పనిచేయకూడదట. నా ఇనప సామాను కొట్టు బండిలో మేత వేసుకుని వెళితే అర్లిస్ గేటు దగ్గరే ఆపేసింది. నేను అడిగింది ఒక్కసారి కాదు, ఐదుసార్లు. ఇది మొహమాటం కాదురా, చట్టం అంది. మూడో వారం వచ్చేసరికి మేత బస్తాలు గోడ మీద సగానికి దిగాయి. పైనుంచి ఒక్క మాట పడితే వారెన్ సంతకం పెట్టొచ్చు. ఆ మాట పడేయించగలవాడు వాషింగ్టన్ చట్టసభకు మేం గెలిపించి పంపిన మా కాంగ్రెస్ సభ్యుడు ఒక్కడే. అర్లిస్ ధైర్యం కూడదీసుకుని ఆయన ఆఫీసుకి ఫోన్ చేసింది. ప్రభుత్వం మూతపడినందువల్ల ఫోను తీయలేకపోతున్నామని ఒక రికార్డింగు చెప్పింది. అది చాలా మర్యాదగా చెప్పిందని ఆమే నాతో అంది.

సభ్యుడి పేరు కర్టిస్ వెండ్‌లాండ్. మంచివాడే, కాదనను. పన్నెండేళ్ళ కిందట ఎక్కడో అరిజోనా ఎడారి నుంచి వచ్చి పడవల వ్యాపారం పెట్టి, ఆ తర్వాత ఓట్లకు నిలబడ్డాడు. గట్టిగా నవ్వుతాడు, చెయ్యి గట్టిగా ఊపుతాడు. అక్టోబరు చివరి శనివారం మా చర్చి కింది గదిలో ఏటా జరిగే చేపల విందుకి ఆయన వస్తున్నాడని, మూతపడటం వల్ల ఎవరెవరు ఇబ్బంది పడుతున్నారో స్వయంగా వింటాడని కబురొచ్చింది. విందు రోజుకి ఎనిమిది రోజుల మేతే మిగులుతుంది.

"చెప్తావా?" అని అడిగాను అర్లిస్‌ని.

"చెప్తాను. ఆయన అడుగుతాడు కదా. రెండుసార్లు వద్దంటాను, మరీ ఎగబడినట్టు ఉండకూడదు. మూడోసారి అడగ్గానే మొత్తం చెప్పేస్తాను." అని కోటు జేబులోంచి ఒక కార్డు తీసి చూపించింది. చేపలు, మేత, సంతకం అని మూడు ముక్కలు రాసుకుంది.

మా విందులో వడ్డించేది ల్యూటెఫిస్క్. ఎండుచేపను క్షారంలో రోజుల తరబడి నానబెట్టి, కడిగి, ఉడకబెట్టి, వెన్న పోసి పెడతాం. పళ్ళెంలో అది ముద్దలా వణుకుతూ ఉంటుంది. మాకూ ఏమంత ఇష్టం కాదు, కాని తాతముత్తాతలు తిన్నారు. ఎనభై నాలుగేళ్ళ థెల్మా పెద్దమ్మ గిన్నె పట్టుకుని వెండ్‌లాండ్ దగ్గరకొచ్చి, వడ్డించమంటారా అంది. ఆయన మొదటిసారికే "తప్పకుండా" అన్నాడు. గదంతా ఒక్క క్షణం చెంచాలు ఆగిపోయాయి. ఈయనకి ఇదంటే ప్రాణం కాబోలు అనుకుని పెద్దమ్మ పెద్ద ముద్ద వేసింది.

ఆయన కష్టపడి మింగాడు. పెద్దమ్మ మళ్ళీ వచ్చింది.

"వద్దమ్మా, చాలు."

"కొంచెం వేసుకోండి."

"నిజంగా వద్దు, కడుపు నిండిపోయింది."

"ఇంత ముక్క."

"వద్దు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

పద్ధతికి రెండుసార్లు చాలు, ఈయన మూడుసార్లు కాదన్నాడు, ఇప్పటికి మనలో కలిశాడని ఆవిడ సంతోషపడి మూడు ముద్దలు వేసింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన వెంట వచ్చిన ఫోటోలు తీసే కుర్రది అది ప్రజల కష్టానికి కరిగిన కన్నీరనుకుని చకచకా నాలుగు ఫోటోలు తీసింది.

ఆ తర్వాత ఆయన లేచి నిలబడ్డాడు. "నేను మాట్లాడటానికి రాలేదు, వినడానికి వచ్చాను. ఈ మూతపడటం వల్ల ఇక్కడ ఎవరైనా ఇబ్బందిలో ఉన్నారా?"

ఎనభై మందిమి ఉన్నాం. అందులో ఇరవై మందికి జీతాలు లేవు. అందరం పళ్ళేల వంక చూసుకున్నాం. ఆయన నేరుగా అర్లిస్ బల్ల దగ్గరకొచ్చాడు.

"మీరే కదండీ చేపల కేంద్రంలో పనిచేసే అర్లిస్ గారు? ఎలా నెట్టుకొస్తున్నారు?"

"ఫర్లేదండీ."

"మీకు నేను చేయగలిగింది ఏమైనా ఉందా?"

"అబ్బే, ఏం లేదండీ."

రెండయ్యాయి. అర్లిస్ చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది.

"అద్భుతం," అన్నాడు వెండ్‌లాండ్. ఆమె రెండో చెయ్యి పట్టుకుని ఊపేసి పక్క బల్లకు వెళ్ళిపోయాడు.

నేను నోట్లో చేపముద్దతో ఆ పక్కనే కూర్చుని ఉన్నాను. ఆవిడకి మేత కావాలయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఒకరి అవసరం ఇంకొకరు నలుగురిలో బయటపెట్టడం మా దగ్గర బట్టలు లాగేసినంత తప్పు. ఆ తప్పు చేయలేక నమిలి మింగాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సోమవారం పొద్దున ఆయన ప్రకటన రేడియోలో వచ్చింది. నా నియోజకవర్గంలో ఇంటింటికీ కాకపోయినా బల్లబల్లకూ తిరిగాను, ఎవరికీ ఇబ్బంది లేదన్నారు, జీతం లేకుండా పనిచేస్తున్న అర్లిస్ హాగ్‌స్టాడ్ తనకేమీ అక్కర్లేదని నా చెయ్యి పట్టుకుని చెప్పింది, కాబట్టి తొందరపడి రాజీకి రావాల్సిన పని లేదు, వాషింగ్టన్ ఆమెను చూసి నేర్చుకోవాలి అని. సాయంత్రానికి టీవీలో కూడా ఆమె పేరు చెప్పారు. ఎవరో ఎక్కడో టెక్సాస్ నుంచి ఆమెకు మెచ్చుకుంటూ ఈమెయిల్ కూడా పంపారు. ఆమె అది చదివి, మిగిలిన బస్తాలు మళ్ళీ లెక్కపెట్టి, తొట్టి అంచు మీద కూర్చుండిపోయింది.

"నా నోటితోనే వాటిని చంపేశాన్రా ఐవర్," అంది మర్నాడు నా కొట్టుకొచ్చి.

ఓదార్చడానికి, పైపుల బిగింపులు సగం ధరకిస్తాను తీసుకోమన్నాను. వద్దంది.

బుధవారం మధ్యాహ్నం రేడియో వాళ్ళు వెండ్‌లాండ్‌తో కార్యక్రమం పెట్టారు. ఆయన వాషింగ్టన్ నుంచి మాట్లాడతాడు, జనం ఫోన్ చేయొచ్చు. మొదటి మాట అర్లిస్‌దే ఉండాలని ఆయనే కోరాడట. కేంద్రం ఫోను వాడకూడదు కాబట్టి నా కొట్టు ఫోను నంబరు ఇచ్చారు. అర్లిస్ మేకుల డబ్బాల మధ్య నిలబడి రిసీవరు పట్టుకుంది. నేను రేడియో కాస్త తగ్గించి పెట్టాను. రెండు చోట్ల నుంచీ ఆయన గొంతు వినిపించింది.

"అర్లిస్ గారూ, మొన్న నాతో అన్నది అందరికీ చెప్పండి. ఎలా ఉన్నారు?"

"ఫర్లేదండీ," అంది. అలవాటు.

"మీకేమీ అక్కర్లేదు కదా?"

"అబ్బే, ఏం లేదండీ."

అనేసి కళ్ళు మూసుకుంది. రేడియోలో ఆయన "విన్నారా మిత్రులారా, ఇదీ మన ఉత్తరాది గుండె" అని మొదలుపెట్టాడు.

"ఉండండి," అంది అర్లిస్.

"ఏంటండీ?"

"మీరు రెండుసార్లే అడిగారు."

ఆయనకు అర్థం కాలేదు. ఒడ్డు పొడుగునా వంటిళ్ళలో, ట్రక్కుల్లో రేడియో వింటున్న వాళ్ళకు అర్థమైంది. నా కొట్లో రంగు డబ్బా కొనడానికొచ్చినాయన టోపీ తీసేశాడు.

"ఇంకోసారి అడగాలండీ. మా దగ్గర అలాగే అడుగుతారు. మొన్న కూడా మీరు మధ్యలో వెళ్ళిపోయారు."

కాసేపు గరగర శబ్దం. తర్వాత ఆయన చాలా నెమ్మదిగా, బడిపిల్లాడిలా అడిగాడు. "మీకేమైనా కావాలా అర్లిస్ గారూ?"

"కావాలండీ," అంది. కార్డు తీయలేదు. "మేత కావాలి. ఆదివారానికి అయిపోతుంది. లక్షా ఎనభై వేల పిల్లలు. సంతకం పెట్టాల్సిన వారెన్ ఇంట్లో ఆకులు ఊడ్చుకుంటున్నాడు, అతనికి మీరు అనుమతి ఇప్పించాలి. లేకపోతే సోమవారం నుంచి చచ్చినవాటిని వలతో ఎత్తి పారేయాల్సింది నేనే. దానికి జీతం రాదు, అయినా మానడానికి లేదు, నేను అత్యవసర ఉద్యోగిని. గుడ్డు దగ్గర్నుంచి నేనే పెంచానండీ వాటిని. నాకు చేతకాదు ఆ పని."

అంత పొడుగు మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. రిసీవరు పెట్టేసి చేతులు కోటుకు తుడుచుకుంది. "అడుక్కున్నట్టు ఉందా?" అని అడిగింది.

"ఏమో. మళ్ళీ చెప్పు, విని చెప్తాను," అన్నాను. బల్ల మీదున్న గుడ్డ తీసి నా మీదికి విసిరింది.

ఈలోగా రేడియోకి ఫోన్లు మొదలయ్యాయి. తీర రక్షక దళంలో పనిచేసే అతని భార్య, "నేను కూడా ఆ విందులో ఉన్నానండీ, ఫర్లేదన్నాను, ఫర్లేదు కాదు" అంది. ఆ తర్వాత అటవీ ఆఫీసు గుమస్తా. ఆ తర్వాత విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేసే ముసలాయన, పిల్లల్ని పక్కింట్లో అన్నానికి పంపుతున్నానని చెప్పి, ఇంత వివరంగా చెప్పినందుకు క్షమించమన్నాడు. గంట కార్యక్రమం రెండున్నర గంటలు నడిచింది. వెండ్‌లాండ్ ఒక్కొక్కర్నీ మూడేసిసార్లు అడిగాడు. మూడో జవాబు కాగితం మీద రాసుకున్నాడు. ఆయన మీద నాకున్న కోపం అక్కడ సగం పోయింది. మిగతా సగం మర్నాడు ఆయన కొత్త ప్రకటన చదివాక తిరిగొచ్చింది. చేపల పక్షాన తాను మొదట్నుంచీ నిలబడ్డానని అందులో ఉంది.

ప్రభుత్వం ఇంకా చాలా రోజులు తెరుచుకోలేదు. వారెన్‌కి మాత్రం శుక్రవారం గంటసేపు ఉద్యోగం ఇచ్చి, సంతకం పెట్టించుకుని, మళ్ళీ తీసేశారు. శనివారం పదింటికి మేత లారీ వచ్చింది. ఊళ్ళో సగం మందిమి కంచె బయట నిలబడ్డాం. లోపలికి వెళ్ళి ఒక్క బస్తా పట్టుకోవడానికి కూడా చట్టం ఒప్పుకోదు. అర్లిస్, లారీ డ్రైవరు ఇద్దరే దింపుకుంటుంటే, ఇటు పట్టు, అటు తిప్పు అని మేం బయట్నుంచి సలహాలు చెప్పాం. సలహాలు ఊరికే ఇవ్వొచ్చో లేదో ఎవరికీ తెలియదు.

మొదటి బస్తా విప్పి ఆమె ఒక చేటెడు మేత విసిరింది. తొట్టి నీళ్ళు కుతకుత ఉడికినట్టు లేచాయి. ఆ చప్పుడు కంచె దాకా వినిపించింది. చివరి తొట్టి దాకా వేసుకుంటూ పోయి, ఖాళీ చేటతో మా దగ్గరకొచ్చి నిలబడింది. మొహమంతా తడిగా ఉంది.

"చలి," అంది ముక్కు తుడుచుకుంటూ.

మేమూ చలే అన్నాం.