బకెట్లో మంచు

నాకు చేపలు పట్టడం రాదు. నేర్చుకోవాలన్న కోరికా లేదు. చలికాలం మధ్యాహ్నాలు గడ్డకట్టిన సరస్సు మీద చేపల గుడిసెలో కూర్చుంటున్నానంటే అదంతా ఆర్డిస్ స్కోగ్లండ్ కోసం, ఆవిడ చేసుకొచ్చే ఖర్జూరం బిళ్ళల కోసం. ఇద్దరం బడి వంటశాలలో కలిసి పనిచేశాం. ఊళ్ళో పిల్లలందరికీ బంగాళదుంపలు మెదిపి పెట్టి పెట్టి రిటైరయ్యాం. ఆర్డిస్ మాటకు మాట అప్పజెప్పే మనిషి. హెడ్మాస్టరు కూడా ఆవిడ చేతిలో గరిటె చూసి పక్కకు తప్పుకునేవాడు. అలాంటి మనిషి ఎర దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొగుడి ముందు నోరు మెదిపేది కాదు.

ఎందుకంటే మా నార్డ్‌బీ సరస్సు మీద ఎర అంటే హార్లన్ స్కోగ్లండే. ఎవరికైనా వాలై చేప పడకపోతే నేరుగా వచ్చి ఆయన గుడిసె తలుపు కొడతారు. ఆయన చెప్పే తీర్పు ఎప్పుడూ ఒకటే. బతికున్న ఎర చేప కావాలి, వెండిలా మెరిసేది, చిటికెన వేలంత. వీపు రెక్క వెనక గాలం ముల్లు గుచ్చాలి. సరస్సు అడుగుకి మూరెడు పైన వేలాడాలి. అంతే. గాలానికి కట్టే తళుకు రేకులూ పూసలూ ఆయన కంటికి ఆనవు.

"ఆకలేస్తే తింటుంది. నగలు చూసి మోజుపడ్డానికి అదేమన్నా పెళ్ళికూతురా?" అంటాడు.

ఇంకో శాసనం కూడా ఉంది. ఎర చేపల బకెట్ పొయ్యి పక్కనే ఉండాలట. వెచ్చగా ఉంటే హుషారుగా ఈదుతాయట. పెళ్ళైన మొదటి చలికాలంలో, చర్చి కింద గదిలో అన్నదమ్ములందరి ముందూ బల్ల గుద్ది మరీ చెప్పాడు. అది శుద్ధ తప్పు. వెచ్చటి నీళ్ళలోంచి తీసి మంచు కింద నీళ్ళలోకి దించితే చిట్టి చేప బిగుసుకుపోతుంది, కదలదు. కదలని ఎర వైపు వాలై తిరిగి కూడా చూడదు. ఈ సంగతి ఆర్డిస్ ఆ మొదటి చలికాలంలోనే కనిపెట్టింది. చెప్తే వినే మనిషి కాదు కాబట్టి చెప్పలేదు. చేప పడితే లేచే జెండాలు చూసొస్తానని హార్లన్ బయటికి వెళ్ళిన ప్రతిసారీ గుమ్మం దగ్గర్నుంచి రెండు దోసిళ్ళ మంచు తెచ్చి బకెట్లో వేసేది. ఆయన తిరిగొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కాఫీ పోసేది. ఈ రహస్యం నాకొక్కదానికే తెలుసు. సరస్సంతా హార్లన్ ఎరని మెచ్చుకుంటుంటే మేమిద్దరం బిళ్ళలు నములుతూ ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం.

వాళ్ళ పెళ్ళి జనవరిలో అయింది. ఆ రోజు మంచు తుఫాను వచ్చి చుట్టాలూ రాలేదు, విందూ రాలేదు. హార్లన్ పెళ్ళి సూటు మీదే కోటు తొడుక్కుని సరస్సు మీదికి వెళ్ళి ఒక వాలై పట్టుకొచ్చాడు. అదే వాళ్ళ పెళ్ళి భోజనం. అప్పట్నుంచి ఏటా అదే రోజు, అదే సరస్సులో, తాము పట్టిన చేపే రాత్రి భోజనానికి ఉండాలి. ఒక్క ఏడాది కూడా తప్పలేదు.

ఈ ఏడు తప్పేలా వచ్చింది. జీవితమంతా మంచు మీద నడిచిన మనిషి, ఆర్డిస్ అప్పుడే తుడిచిన వంటింటి నేల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వసంతం దాకా మంచు మీద కాలు పెట్టొద్దన్నాడు డాక్టరు. ఆ మాట విన్న దగ్గర్నుంచి హార్లన్ మొహం మాడ్చుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. తిండి సరిగ్గా తినడు, పేపరు తెరవడు. బజార్లో దొరికే చేప తెస్తానంటే, "అంగడి చేప తినడానికా నిన్ను చేసుకుంది?" అని అటు తిరిగి కూర్చున్నాడు.

"సబ్బునీళ్ళు పోసింది నేను. చేప కూడా నేనే పడతాను," అంది ఆర్డిస్. "మార్లిస్, నీ బండిలో తీసుకెళ్ళు."

మార్లిస్ అంటే నేనే.

పెళ్ళిరోజు ఉదయం ఎరల దుకాణానికి వెళ్ళాం. డజన్ల కొద్దీ ఎర చేపలు తొట్లో గిరగిరా తిరుగుతున్నాయి. గోడ నిండా రంగురంగుల రేకులూ పూసలూ ఉత్తుత్తి చేపలూ వేలాడుతున్నాయి. ఆర్డిస్ గోడ ముందు నిలబడింది, ఎంతకీ కదలదు.

"ఇన్నేళ్ళూ పక్కన నిలబడి బకెట్ పట్టుకున్నానే గానీ ఒక్క ఎర కూడా నేను ఎంచలేదు మార్లిస్," అని చిన్న బంగారు రంగు రేకూ ఒక ఎర్ర పూసా తీసుకుంది.

"ఆయన కిటికీలోంచి బైనాక్యులర్స్ పెట్టుకు చూస్తాడే," అన్నాను.

"పూసలు కనబడేంత కళ్ళు లేవులే ఆయనకి."

వాళ్ళ ఇల్లు ఒడ్డునే. గుడిసె దగ్గర బర్మాతో మంచులో రెండు కన్నాలు తొలిచి, ఒక్కోదాని మీద ఒక్కో టిప్-అప్ అడ్డంగా పెట్టింది. టిప్-అప్ అంటే ఒక చెక్క, దాని కింద నీళ్ళలో తాడు చుట్టిన గిలక, పైన వంచిపెట్టిన జెండా. చేప తాడు లాగిందంటే జెండా టక్కున లేచి నిలబడుతుంది. ఒక కన్నంలో హార్లన్ పద్ధతి, ఇంకో కన్నంలో ఎర చేపకి పైన బంగారు రేకు. బకెట్ మామూలుగానే పొయ్యి పక్కన పెట్టింది. తర్వాత ఫోను మోగడం మొదలైంది. చేతికి దళసరి తొడుగులు కాబట్టి స్పీకర్ పెట్టేసింది.

"కుడి కన్నం లోతు ఎక్కువైంది," అన్నాడు హార్లన్.

"అక్కణ్ణుంచి లోతు ఎలా కనిపించిందయ్యా నీకు?"

"నువ్వు తాడు వదిలిన తీరు చూస్తే తెలీదూ?"

ఇలా చెవిలో జోరీగలా సాగింది. ఒకసారి జెండా లేస్తే ఆర్డిస్ పడుతూ లేస్తూ పరిగెత్తింది. గాలికి లేచిందది. పక్క గుడిసె వాళ్ళకి మాత్రం ఒకటి తర్వాత ఒకటి జెండాలు లేస్తున్నాయి. ఎవరి జెండా లేచినా "జెండా!" అని సరస్సంతా అరవడం మా వాళ్ళ అలవాటు. ఆ అరుపు విన్నప్పుడల్లా ఆర్డిస్ మొహం ఇంకాస్త వాడిపోయింది. తాడు పైకి లాగి చూస్తే ఎర చేప ఉడికిన నూడుల్‌లా వేలాడుతోంది. ఇంకోటి గుచ్చింది. అదీ అంతే. రేకు వల్లేనేమోనని రేకు తీసింది, మళ్ళీ పెట్టింది, పూస మార్చింది. పొద్దు వాలిపోతోంది. వాలై మేతకొచ్చేది ఆ మునిమాపు కాసేపే, తర్వాత ఇక ఆశ లేదు.

ఆర్డిస్ బోర్లించిన డబ్బా మీద కూలబడింది. "నా చేతులతో ఆయన్ని పడేశాను. ఇప్పుడు ఇది కూడా నా చేతుల మీదే తప్పిపోతోంది," అంది. ఒక బిళ్ళ ఇచ్చాను. తినలేదు. అప్పుడు భయమేసింది నాకు.

ఫోను మోగింది.

"ఆర్డీ."

"ఏంటి? లోతు మార్చాను, ఎర మార్చాను. ఇంకేం మార్చమంటావు, మొగుణ్ణా?"

"బకెట్లో మంచు వేశావా?"

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళూ ఆయన బయటికి వెళ్తేనే ఆవిడ మంచు వేసేది. ఇవాళ బయటికి వెళ్ళడానికి ఆయన లేడు, ఆవిడకి మంచు గుర్తే రాలేదు. ఊరికే పక్కన కూర్చున్న నాకూ తట్టలేదు.

"ఏ మంచు?" అంది ఆర్డిస్.

"ఏటా వేసే మంచు. నేనటు వెళ్ళగానే వేస్తావే, అది."

"నీకు తెలుసా?"

"మొదటి చలికాలం నుంచీ తెలుసు. ఎర తీసేది నా చేతులేగా, చల్లగా తగిలితే తెలీదా?"

"మరి ఆ బకెట్ తీసి అవతల పెట్టొచ్చుగా, మొండి ఘటమా!"

"అందరి ముందూ బల్ల గుద్ది చెప్పాను. ఎలా మారుస్తాను?" అన్నాడు. "అందుకేగా జెండా లేచినట్టుందని మాటిమాటికీ బయటికెళ్ళేది. ఏ జెండా లేకపోయినా, ఆ చలిలో నిలబడేవాణ్ణి. నువ్వు వేసేదాకా."

ఆర్డిస్ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ మాట హార్లన్‌తో ఎవరైనా అన్నారో, మీ పని చెప్తాను.

నేనే గుమ్మంలోంచి దోసిళ్ళతో మంచు తెచ్చి బకెట్లో వేశాను. పైకి తేలి నోరు తెరుస్తున్న చేపలు కాసేపటికి నెమ్మదిగా కిందికి దిగి తోకలాడించడం మొదలెట్టాయి. ఆర్డిస్ వాటిలో రెండు తీసి గుచ్చి, రెండు కన్నాల్లోకీ దించింది.

"ఇంకో సంగతి చెప్పాలి నీకు," అంది ఆర్డిస్ ఫోనులో. "నేను నగ పెట్టాను."



"ఏ రంగు?"

"బంగారం."

"పొద్దు వాలింది కదా," అన్నాడు. "ఉంచు."

ఆకాశం ఎర్రబడుతుండగా, రేకు కట్టిన కన్నం మీద జెండా లేచింది. ముందు అరిచింది నేనే. "జెండా!" గుడిసెల్లోంచి అందరూ అందుకున్నారు. ఆర్డిస్ మోకాళ్ళ మీద కూర్చుని తొడుగులు విసిరేసి తాడు పట్టుకుంది. జేబులో ఫోను "ఆగు! మింగనీ! ఇంకా లాగకు!" అని ఒకటే మొత్తుకోలు.

"నువ్వు నోరు మూసుకో హార్లన్!" అని ఆవిడ ఒక్క గుంజు గుంజి, చేతులు మార్చి మార్చి తాడు పైకి లాగింది. కన్నంలోంచి ముందు చీకట్లో పిల్లికళ్ళలాంటి రెండు కళ్ళు మెరిశాయి, తర్వాత మోచెయ్యంత వాలై మంచు మీద పడి ఎగిరింది. ఒడ్డున ఇంటి కిటికీలో దీపం వెలిగి ఆరింది, వెలిగి ఆరింది. హార్లన్ స్విచ్చు నొక్కుతూ కూర్చున్నాడు.

ఆ రాత్రి ఇనప పెనంలో, బిస్కట్ పొడి అద్ది వేయించింది. నన్నూ కూర్చోబెట్టారు. హార్లన్ ఒక్క ముక్క కూడా వదలకుండా తిని, పళ్ళెం తుడిచి, "పర్లేదు," అన్నాడు. మా వైపు మగాళ్ళ నోట అంతకన్నా పెద్ద మాట రాదు.

మరుసటి చలికాలం హార్లన్ చేతికర్రతో మళ్ళీ గుడిసెలోకి వచ్చాడు. ఎర చేపల బకెట్ తెచ్చి, నా కళ్ళముందే, పొయ్యి పక్కన పెట్టాడు. నేను ఆర్డిస్ వైపు చూశాను. ఆవిడ కాఫీ పోస్తోంది.

కాసేపయ్యాక హార్లన్ లేచి టోపీ చెవుల దాకా లాక్కున్నాడు. "జెండా లేచినట్టుంది," అని కర్ర పొడుచుకుంటూ బయటికి వెళ్ళాడు.

కిటికీలోంచి చూశాను. ఏ జెండా లేవలేదు. ఆయన మా వైపు వీపు పెట్టి చలిలో నిలబడి ఉన్నాడు. ఆర్డిస్ తలుపు తీసి రెండు దోసిళ్ళ మంచు తెచ్చుకుంది.