కరెంటొచ్చిన కూత

2023 వానాకాలం. విశాఖలో నాకొక చిన్న ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపు ఉంది. అరకులోయ దాటాక కొండల్లో ఉన్న ఒక గూడెం నుంచి పిలుపొచ్చింది. అక్కడి గెడ్డ, అంటే కొండవాగు, పొంగితే హెచ్చరించడానికి ఎవరో కాంట్రాక్టరు సైరన్ పెట్టి వెళ్లాడు. గెడ్డ పొంగింది, సైరన్ మోగింది, అయినా గాసి అనే రైతు కొట్టుకుపోయాడు. పెట్టెలో లోపమేమిటో చూడమన్నారు.

పెట్టె విప్పితే లోపల అరచేతిలో పట్టే మైక్రోకంట్రోలర్ బోర్డు, దాని అంచుల్లో వరసగా పిన్నులు. ఇన్‌పుట్ పిన్ను కబురు అందుకుంటుంది, ఔట్‌పుట్ పిన్ను పని చేయిస్తుంది. ఏ తీగ ఏ పిన్నుకో చూసి రాసుకోవడాన్ని పిన్ మ్యాపింగ్ అంటాం. ఫ్లోట్ స్విచ్, అంటే నీటితో పాటు పైకి లేచే డబ్బా, సరైన పిన్నుకే ఉంది. దాన్ని చేత్తో ఎత్తితే సైరన్‌ను ఆన్ చేసే స్విచ్చు, రిలే, టక్కుమంది. ప్రోగ్రాములోనూ తప్పు లేదు. నాకు బుర్ర పనిచేయలేదు.

అరుగు మీద కూర్చున్న గాసి భార్య పూలమ్మను అడిగాను.

"ఆ రోజు సైరన్ వినపడలేదా అమ్మా?"

"ఇనపడింది బాబూ. అది ఇనే ఎల్లాడు."

"ఎక్కడికి?"

"గెడ్డ అవతల మిల్లుకి, సోళ్లు పిండాడించడానికి. పొద్దున్నుంచీ కరెంటు పోతా వత్తా ఉంది. అది కూసిందంటే కరెంటొచ్చినట్టే కదా. బేగి ఎల్లకపోతే మళ్లీ పోద్ది."

లేచి వెళ్లి పెట్టె మెయిన్ స్విచ్ తీసి మళ్లీ వేశాను. సైరన్ ఒక్కసారి కూసి ఆగిపోయింది. బోర్డు మేలుకునేటప్పుడు, ప్రోగ్రాము నడవడం మొదలుకాకముందే, కొన్ని పిన్నులు వాటంతటవే ఒక్క క్షణం ఆన్ అవుతాయి. ఆ కాంట్రాక్టరు మహానుభావుడు రిలేను సరిగ్గా అలాంటి పిన్నుకే కలిపాడు. కొండల్లో వాన పడితే కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ సైరన్ కూసింది, గూడెం దానికి తన అర్థం తాను చెప్పుకుంది. గాసి పోయిన రోజు అది ఆగకుండానే మోగిందట. అతను మొదటి కూతకే మూట భుజాన వేసుకున్నాడు. గెడ్డ హోరులో మిగతాది వినపడి ఉండదు.

రిలేను మరో పిన్నుకు మార్చి, ప్రోగ్రాములో ఆ పిన్ను నంబరు సరిచేశాను. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. అంత చిన్న తప్పుకు ఒక మనిషి పోయాడు.

ఇక అది కూస్తే గెడ్డ పొంగినట్టేనని పూలమ్మకు చెప్పి, పరీక్షకని ఫ్లోట్ ఎత్తి సైరన్ మోగించాను. ఎవరూ మెరక వైపు పరుగెత్తలేదు. కింది ఇంట్లోంచి ఒక ముసలమ్మ చోళ్ల మూట, అదే రాగుల మూట, నెత్తిన పెట్టుకుని గెడ్డ వైపు నడిచింది. పూలమ్మ గబగబా వెళ్లి ఆ మూట దించింది.

"కరెంటు కాదత్తా. ఇది గెడ్డ కూత. ఎల్లకు."

అప్పటి నుంచి ఎక్కడ ఏ పెట్టె పెట్టినా ఒకసారి మోగిస్తాను. మనుషులు ఎటు నడుస్తారో చూశాకే మూత బిగిస్తాను.