అమ్మ తోట ఐదు సెంట్లు

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో మా మనవరాలికి అద్దెతోట దొరికింది, మూడు వందల చదరపు మీటర్లు. మా ఇంజనీరు పిల్ల లెక్కకట్టడానికి ఫోన్ తీసేలోపే "మూడు గుంటలే" అన్నాను. తడిమట్టి వాసనకి అమ్మ గుర్తొచ్చింది.

నాన్నది గుంటల ఊరు, అమ్మది సెంట్ల ఊరు. మీ ఇళ్లలోనూ ఇలాంటి జంటలుండేవారా? గుంటకి రెండున్నర సెంట్లు. కూరగాయలకి నాన్న రెండు గుంటలిస్తే, పుట్టింటివాళ్లు చిన్నచూపు చూడకుండా అమ్మ నాచేత "ఐదు సెంట్లు" అని ఉత్తరం రాయించేది. అబద్ధం కాదు, అంకె పెద్దది, అంతే.

ఓసారి మామయ్య వచ్చి, చెల్లెలి తోట ఎంతని అడిగాడు. నాన్న "రెండు..." అని మొదలుపెట్టాడు. వంకాయలు కోస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. నాన్న అటు చూసి, గొంతు సవరించుకుని, "ఐదు సెంట్లు బావా" అన్నాడు.

ఆయన నోట సెంట్లన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే.