గిన్నెలోకి వచ్చిన పాలు

పాలు తీసే పంపు అట్టపెట్టె మీది బొమ్మలో ఒక స్త్రీ తెల్లటి సోఫాలో కూర్చొని నవ్వుతూ ఉంటుంది. నేను ఆ పంపును వాడిన చోట సోఫా లేదు. అది మా ఆఫీసుకు దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో పాత పేపర్లను కట్టలు కట్టి పేర్చే గది. ఒక స్టూలు, ఒక చిన్న కిటికీ, తలుపుకు లోపలి గడియ ఉండేవి. గడియ ఉంది కాబట్టే ఆ గదిని ఎంచుకున్నాను.

అప్పటికి పాపకు మూడు నెలలు నిండలేదు. నేను తిరుమలగిరిలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని, ఔట్‌సోర్సింగ్ మీద. ఉండేది అత్తగారి ఊళ్లో, ఆటోలో అరగంట దూరం. మా మండలం నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట జిల్లాకు మారి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. ఆఫీసుల బోర్డులు మారాయి గాని గ్రంథాలయం పుస్తకాల మీద ముద్ర ఇంకా నల్లగొండ అనే ఉండేది.

నా చదువు ఇంటర్ దగ్గర ఆగింది. ఆ తర్వాతి చదువంతా ఆ ముద్ర ఉన్న పుస్తకాలతో జరిగింది. 'ఆరోగ్యం' అని రాసి ఉన్న బీరువాలో నేను చదవనిది లేదు. కడుపుతో ఉన్నప్పుడు శిశుపోషణ మీద ఉన్న మూడు పుస్తకాలనూ రెండేసి సార్లు చదివాను. రెండు పాతవి. అవి గడియారం చూసి పాలివ్వమన్నాయి. మూడోది ఒక డాక్టరమ్మ రాసిన కొత్త పుస్తకం. గడియారాన్ని కాదు, బిడ్డను చూడమని ఆమె రాసింది. మూడింటి ముద్రణ సంవత్సరాలూ పక్కపక్కన రాసుకొని కొత్తదాన్ని నమ్మాను. పుస్తకాలు ఒకదానితో ఒకటి పడనప్పుడు ఏం చేయాలో కూడా నేను ఆ బీరువా ముందే నేర్చుకున్నాను.

ఆ పుస్తకంలో నాకు పనికొచ్చిన మాట ఒకటుంది. పాలు ట్యాంకులో నీళ్లలాగా నిలవ ఉండేవి కావు, తీసిన కొద్దీ తయారవుతాయి. తీయకపోతే ఇక అక్కర లేదనుకొని శరీరం తయారీ తగ్గించుకుంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు ఇల్లు విడిచి సాయంత్రం ఆరుకు చేరేదాన్ని. మధ్యాహ్నం తీయకపోతే కొన్ని వారాల్లో నా దగ్గర పాలు ఉండవు. అందుకని మెడికల్ షాపులో చేతితో నొక్కే పంపు తెప్పించుకున్నాను.

అత్తమ్మకు ఈ లెక్క నచ్చలేదు. మా అత్తగారిది గొర్లు కాసే కుటుంబం. మామ పొద్దున్నే మందను తోలుకొని పోతాడు. పాలు తాగే గొర్రెపిల్లలను మంద వెంట పంపరు, ఇంటి పక్క దొడ్లో తడక వెనక ఉంచుతారు. సాయంత్రం మంద అలికిడి వినబడగానే అవన్నీ తడక మీదికి ఎగబడతాయి. అత్తమ్మ తడక తీస్తే నిమిషంలో ఏ పిల్ల తల్లిని ఆ పిల్ల పట్టుకుంటుంది.

"గొర్రె పొద్దంత మేసొస్తది, పొద్దుగూకినంక పిల్లకిస్తది. దానికి పోని పాలు నీకొక్కదానికే పోతయా?" అంది అత్తమ్మ.

"గొర్రెపిల్ల పగటిపూట జర గడ్డన్న కొరుకుతది అత్తమ్మా. మన పిల్ల ఏం కొరకాలె?"

"నీ నోరు కొరుకుతది," అని నవ్వి ఊరుకుంది.

మా ఇద్దరికీ పడని సంగతి ఇంకొకటి ఉంది, ఎండపాలు. ఎండన పడి వచ్చిన తల్లి వెంటనే రొమ్ము ఇవ్వకూడదని మా వైపు అంటారు. మొదటి నాలుగు ధారలు పిండి పారబోయాలి. ఆ పాలను నలుగురు తొక్కే చోట కాకుండా చెట్టు మొదట్లో పిండాలి. మా ఇంట్లో దానికి కరివేపాకు చెట్టు ఉంది. అత్తమ్మ రోజూ గుర్తు చేసేది. పుస్తకంలో అట్లాంటిదేమీ లేదని చెప్పి, చేతులు కడుక్కొని నేను పాపను ఎత్తుకునేదాన్ని. ఆమె ముఖం తిప్పుకునేది.

లైబ్రేరియన్ సారు రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. పేపర్ల గది తాళం ఎందుకని అడిగితే, "పాలు పిండుకోవాలె సార్, మధ్యాహ్నం పావుగంట," అని చెప్పాను. ఆయన కాసేపు రిజిస్టరులోకి చూసి, తాళంచెవి రిజిస్టరు మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు.

మొదటి రోజు పది నిమిషాలు నొక్కినా సీసా అడుగు తడిసిందంతే. పాప బట్ట ఒకటి దగ్గర పెట్టుకుంటే పాలు త్వరగా దిగుతాయని పుస్తకంలో ఉంటే, మరునాడు ఒక చిన్న జుబ్బా బ్యాగులో వేసుకొని పోయాను. దిగాయి. వారం గడిచేసరికి సీసా సగానికి పైగా నిండేది. నొక్కినప్పుడల్లా పంపు చిక్కు చిక్కుమనేది. బయట పేపర్లు చదివే పెద్దమనుషుల్లో ఒకాయన, "పేపర్ల గదిల ఎలుకలు జొచ్చినట్టున్నయి సార్," అనడం నాకు లోపలికి వినిపించింది.

"జొచ్చినయి. మందు పెట్టిన," అన్నాడు లైబ్రేరియన్ సారు.

సీసాను స్టీలు టిఫిన్‌లో పెట్టి, చుట్టూ బస్టాండు దగ్గరి జ్యూస్ బండి మీది ఐసుముక్కలు వేయించుకొని ఇంటికి తెచ్చేదాన్ని. ఇంట్లో ఫ్రిజ్ పై అరలో గొర్ల టీకామందు సీసాలుండేవి. నా సీసాకు ఎర్రదారం కట్టి కింది అరలో పెట్టేదాన్ని. ఈ రోజు తీసినవి రేపటికి.

అత్తమ్మను కూర్చోబెట్టి పుస్తకంలోని పేజీ చదివి వినిపించాను. చేతులు కడగాలి. సీసాను మెల్లగా కదిపి గిన్నెలోకి పోయాలి. ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టాలి. తాగంగా మిగిలినవి మళ్లీ పట్టొద్దు. ఆమెకు చదువు రాదు గాని ఒకసారి విన్నది మరిచిపోదు. అన్నీ వరుసగా నాకే తిరిగి అప్పజెప్పింది. నాకు తృప్తిగా అనిపించింది.

రోజూ సాయంత్రం సీసా ఖాళీగా, కడిగి బోర్లించి ఉండేది. పాప ఏడ్చిందా అని అడిగితే, "ఏడిస్తె ఎత్తుకున్న. నీకేం ఫికర్," అనేది.

నెల తిరిగాక అంగన్‌వాడీలో తూకం వేశారు. బరువు దాదాపు ముందటి నెలంతే ఉంది. టీచరు కార్డు మీద చుక్క పెట్టి చూపించింది. ఆకుపచ్చ రంగులో పైకి పోవలసిన గీత అడ్డంగా పోయి, అంచు దాకా వచ్చింది. దాని కింద పసుపు రంగు.

"పాలు సరిపోతలేవేమో అక్కా. వచ్చే నెల గిట్లనే ఉంటె పెద్ద దవాఖానల చూపియ్యుండ్రి," అంది టీచరు.

నాకు మొదట అనిపించింది నా పాలు పలుచన అని. అట్లాంటి పాలు ఉండవని పుస్తకం చెప్పింది, నేనది మళ్లీ తీసి చదివాను కూడా. అయినా అదే అనిపించింది. పేపర్ల గదికి రోజుకు రెండుసార్లు పోవడం మొదలుపెట్టాను. అత్తమ్మ నాకు పాలు పడాలని వెల్లుల్లి కారం నూరి, సజ్జరొట్టెలు చేసి పెట్టింది. నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది. మా ఆయన మాత్రం ఒక మాట చెప్పాడు.

"వచ్చే తూకం దాక చూద్దాం. అప్పటికి పెరగకపోతే డబ్బాపాలు తెస్త. పిల్లను ఎండగొట్టుకుంటమా?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కాని డబ్బా ఇంట్లోకి వస్తే పాప నా దగ్గర తాగడం తగ్గుతుంది, తాగడం తగ్గితే పాలు తగ్గుతాయి, ఒకసారి తగ్గితే మళ్లీ తెచ్చుకోవడం కష్టం. ఆ వరుస నాకు పుస్తకం వల్ల ముందే తెలుసు. గడువు ఒక నెల.

అందులో పది రోజులు పోయాక ఒకనాడు ఆఫీసులో సర్వర్ పని చేయలేదు. పన్నెండు గంటలకే పొమ్మన్నారు. ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ వంటింట్లో ఉంది. పొయ్యి మీద చిన్న గిన్నె, గిన్నెలో పొంగుకు వచ్చిన పాలు. గట్టు మీద ఎర్రదారం కట్టిన సీసా, దాని పక్కన చెంబుతో నీళ్లు.

"ఏం చేస్తున్నవ్ అత్తమ్మా?"

"పాలు కాగబెడుతున్న. ఇంత జల్ది వచ్చినవేంది?"

"అవి నా పాలు కదా?"

"నీవే. గొర్రెవి అనుకున్నవా?"

"రోజు కాగబెడుతున్నవా?"

"కాగబెట్టక? పసిపోరికి పచ్చిపాలు పోస్తరా ఎవలన్న?"

"మరి ఆ నీళ్లెందుకు?"

"కాగినంక చిక్కగైతయి, అరగయి. సగానికి సగం నీళ్లు కలపాలె. నీ మొగడు మేకపాలతోని గిట్లనే పెరిగిండు. కోడెలెక్క లేడా?"

నేను స్టవ్ కట్టేసి అక్కడే కూర్చున్నాను. పొయ్యి మీద ఇగిరినవి పోగా మిగిలిన పాలకు సగం నీళ్లు. పాప పగలంతా ఆకలితోనే ఉండి, నీళ్లతో కడుపు నింపుకుంది. పొద్దున, రాత్రి నా దగ్గర తాగిన పాలే ఆ గీతను ఆకుపచ్చలో నిలబెట్టాయి.

ఆమె నా మాట ఒక్కటీ మీరలేదు. చేతులు కడిగింది, సీసా కదిపింది, ఉగ్గుగిన్నెతో పట్టింది, మిగిలినవి పారబోసింది. కాచొద్దని నేను చెప్పలేదు. పుస్తకంలో లేదు కాబట్టి చెప్పలేదు. ఆ డాక్టరమ్మకు మా ఇల్లు తెలియదు. గొర్లు, మేకలు, బర్రెలు తిరిగిన ఇంట్లో గిన్నెలోకి వచ్చిన ఏ పాలైనా పొయ్యి ఎక్కకుండా గొంతు దిగవని ఆమెకు ఎవరు చెప్పాలి? నాకు తెలుసు. రోజూ నా కళ్ల ముందే జరిగేది.

"కాగబెట్టద్దు అత్తమ్మా. నీళ్లు కలపద్దు."

"నీ పుస్తకంల కాగబెట్టద్దని రాసి ఉన్నదా?"

"లేదు."

"లేదు గద. ఎందుకుంటది?"

ఎండపాల విషయంలో నేను రోజూ చెప్పిన జవాబే అది. ఇంకో దారిలో పోయి చూశాను.

"గొర్రెపిల్ల కాగబెట్టుకొని తాగుతదా?"

"పొదుగుల ఉన్నంతసేపు అవి తల్లివి. గిన్నెలకొచ్చినంక పాలు పాలే. గిన్నెల పాలకు మంట తగలాలె."

ఇక పుస్తకం వదిలి ఆమె మాటనే పట్టుకున్నాను. "మంట తగిలితే సాలా?" అని అడిగాను.

"తగలాలె."

"అయితె నీళ్లు కాగబెట్టు. పొయ్యి మీదికెల్లి దించు. పాలగిన్నె ఆ నీళ్లల్ల పెట్టు. మంట నీళ్లకు తగుల్తది, నీళ్ల సెగ పాలకు తగుల్తది."

ఆమె నీళ్ల చెంబు అందుకుంది. "నీళ్లు అస్సలే కలపద్దా?"

"ఒక్క చుక్క గూడ. ఎన్ని కలవాలెనో అన్ని నా దగ్గర్నే కలిసి వస్తయి."

"మరి నువ్వు ఎండపాలు పిండవైతివి."

"పిండుత. నాలుగు ధారలు."

"చెట్టు కాడ."

"చెట్టు కాడనే."

ఆ సాయంత్రం నుంచి ఆటో దిగగానే ముందు కరివేపాకు చెట్టు దగ్గరికి పోయేదాన్ని. పాలు దిగడానికి అది కొంత సాయం చేసింది కూడా. పాప నోట పట్టేసరికి ధార సిద్ధంగా ఉండేది. ఈ మాట అప్పుడు అత్తమ్మతో చెప్పలేదు. రెండు రోజులు సెలవు పెట్టి, ఆమె పాలకు సెగ చూపించే పద్ధతిని పక్కన నిలబడి చూశాను. మూడో రోజు, "ఇగ నువ్వు నౌకరికి పో," అంది.

తూకం నాడు ఆమె కూడా అంగన్‌వాడీకి వచ్చింది. టీచరు పాపను బుట్టలో వేసి, ముల్లు ఆగేదాకా చూసి, కార్డు మీద చుక్క పెట్టింది. గీత ఆకుపచ్చలో పైకి ఎక్కింది, కొంచెమే అయినా ఎక్కింది.

"కాయితం ఏమంటాంది?" అని అడిగింది అత్తమ్మ.

"పెరిగింది."

"ఊఁ," అని పాపను బుట్టలో నుంచి తీసుకొని, నాకంటే ముందు ఇంటి దారి పట్టింది. డబ్బాపాల మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. పాపకు పదకొండు నెలలు వచ్చేదాకా నేను పేపర్ల గదికి పోతూనే ఉన్నాను.

ఆ పుస్తకం గడువు తూకం నాటికే రెండుసార్లు పొడిగించుకున్నాను. తిరిగి ఇచ్చే ముందు, పాలు నిలవ చేయడం గురించి ఉన్న పేజీ అంచున పెన్సిలుతో రాశాను: "ఈ పాలు కాచకూడదు, నీళ్లు కలపకూడదు. బిడ్డకు పట్టేవాళ్లతో ఇది అన్నిటికంటే ముందు చెప్పాలి." గ్రంథాలయం పుస్తకం మీద నేను రాయడం అదొక్కసారే. లైబ్రేరియన్ సారుతో నేనే చెప్పి పేజీ చూపించాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివాడు. "పుస్తకాల మీద రాయొద్దమ్మా. చెరిపెయ్యాలె, రూలు," అన్నాడు. సొరుగులో రబ్బరు కోసం కాసేపు వెతికాడు. తర్వాత సొరుగు మూసి, పుస్తకాన్ని తీసుకుపోయి 'ఆరోగ్యం' బీరువాలో పెట్టాడు.