తొమ్మిది కొట్టేదాకా గుమ్మం బయట

మొన్న ప్లేనోలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, మేడ మీద గదిలో మా మనవరాలు తలుపు వేసుకుని ఎవరితోనో మహా వినయంగా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, ఇంత వినయం ఈ పిల్లకు ఎక్కడినుంచి వచ్చిందా అని అనుమానం వేసి, మంచినీళ్లు కావాలా అనే వంకతో తొంగిచూశాను. గదిలో ఎవరూ లేరు. లాప్‌టాప్ తెర మీద ఒక ప్రశ్న, దాని పక్కన తరిగిపోతున్న గడియారం, ఆ గడియారాన్ని చూసి చిరునవ్వు నవ్వుతున్న మా పిల్ల. మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూకి ప్రాక్టీస్ చేస్తోందట. అవతల వినేదెవరమ్మా అంటే, ఎవరూ ఉండరనీ, రికార్డ్ చేసి పంపిస్తే తరవాత ఎవరో చూస్తారనీ చెప్పింది. ఆ చూసేది మనిషేనా అని అడగబోయి ఊరుకున్నాను.

"తాతయ్యా, నీ ఇంటర్వ్యూలో నువ్వు ఏం చెప్పావు?" అంది.

ఈ వయసులో మనల్ని ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లు దొరకడమే అదృష్టం కదా, మనం తక్కువ చేసి చెబుతామా? నన్ను ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసరు నా కోసం కుర్చీలోంచి లేచి వచ్చాడనీ, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడనీ, ఇన్నేళ్లలో ఇలాంటి కుర్రవాణ్ని చూడలేదని పక్కవాడితో అన్నాడనీ చెప్పాను. మా పిల్ల కళ్లు చికిలించి, "రియల్లీ?" అంది. ఆ చూపు అచ్చం మా అమ్మది.

నిజానికి నేను చెప్పిన ప్రతి ముక్కా జరిగిందే. ఎందుకు జరిగిందో మాత్రం ఆ పిల్లకు చెప్పలేదు. మీరు నా ఈడువాళ్లు, మీకు చెబితే పోయేదేమీ లేదు.

అది డెబ్భైల చివర, చలికాలం. మేము న్యూజెర్సీలో ఉండేవాళ్లం. ఇప్పుడు ఐసెలిన్‌లో వీధి పొడుగునా కనిపించే చీరల షాపులూ మిఠాయి కొట్లూ అప్పుడు లేవు. పంచాంగం కావాలంటే మా మేనమామ ఏటా ఇండియా నుంచి పోస్టులో పంపవలసిందే. కాలేజీ చదువు ముగించి, ముందు ఏడు ఎన్ని మెడికల్ స్కూళ్లకు అప్లై చేసినా ఒక్కరూ పిలవలేదు. ఈ ఏడూ ఒకే ఒక్కచోటి నుంచి పిలుపు వచ్చింది. ఇదీ తప్పితే వేసవిలో కంప్యూటర్ కోర్సులో చేరాలని నాన్నగారు తేల్చేశారు, ఆయన తేల్చారంటే ఇక మాట ఉండదు. నాకేమో డాక్టరు చదువు మీదే ప్రాణం. వేసవి సెలవుల్లో ఒక ఆసుపత్రిలో రోగుల్ని స్ట్రెచర్ మీద ఆపరేషన్ గదికి తోసుకెళ్లే పని చేసేవాణ్ని, లిఫ్టులో వాళ్లు నా చెయ్యి పట్టుకునే పట్టు చూశాక కంప్యూటర్లు నా తలకెక్కలేదు.

నాన్నగారి స్నేహితుడు ఒకాయన, మేమంతా అంకుల్ అనేవాళ్లం, అప్పటికే ఇక్కడ డాక్టరు. ఎవరినీ నమ్మని మనిషి. తన ఇంటి కాలింగ్ బెల్ మోగినా ముందు కర్టెన్ సందులోంచి చూసేవాడు. ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"ఒరేయ్, ఇంటర్వ్యూ గదిలో స్టార్ట్ అవుతుందనుకుంటున్నావేమో. కార్ పార్క్ చేసిన దగ్గరే స్టార్ట్ అవుతుంది. ఫ్లోర్ తుడిచేవాడు కూడా సెలెక్షన్ కమిటీ మెంబర్ అయ్యుండొచ్చు. ఎవర్నీ నమ్మకు. అన్నిటికంటే ముఖ్యం, మన రాహుకాలాలూ వర్జ్యాలూ నోట్లోంచి వచ్చాయా, సీటు గోవిందా."

ఆ చివరి మాట మా అమ్మ వైపు చూస్తూ అన్నాడు. ఇంటర్వ్యూ సోమవారం ఉదయం తొమ్మిదింటికి. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా అని మీకు నేను చెప్పాలా? తొమ్మిది కొట్టేదాకా ఆ బిల్డింగ్ గుమ్మం దాటవద్దని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. నాన్నగారు ఊరుకోలేదు.

"ఇండియా టైం ప్రకారం నీ రాహుకాలం ముందురోజు రాత్రే అయిపోతుంది కదే!"

"మనం ఇక్కడుంటే ఆ రాహువు అక్కడ కూర్చుంటాడా? ఎక్కడి సూర్యుడు అక్కడే," అంది అమ్మ.

సోమవారం మంచు లేదు కానీ ఎముకలు కొరికే చలి. ముందే చేరుకుని, గాజు తలుపుకు ఎదురుగా, గుమ్మానికి రెండడుగుల ఇవతల నిలబడ్డాను. లోపలికి వెళ్లేవాళ్లంతా నన్ను చూస్తున్నారు, నేను వాళ్లలో కమిటీ మెంబరు ఎవరా అని చూస్తున్నాను. అసలే ఇరాన్‌లో అమెరికన్లను బందీలుగా పట్టుకున్న రోజులు, నాలాంటి రంగువాడు ఎక్కడ ఊరికే నిలబడినా జనం రెండోసారి తిరిగి చూసేవారు. కాసేపటికి సెక్యూరిటీ గార్డు వచ్చి ఇక్కడ నీకేం పని అని అడిగాడు. అంకుల్ మాట గుర్తొచ్చింది. వీడి యూనిఫాం చూస్తే మరీ కొత్తగా ఉంది, తప్పకుండా ప్రొఫెసరే అనుకుని, మానవసేవ గురించి కంఠతా పట్టిన ఉపన్యాసం మొత్తం అప్పజెప్పాను. అతను ఓపిగ్గా విని, "బాబూ, నేనడిగింది ఇక్కడెందుకు నిలబడ్డావని," అన్నాడు.

చలిగా ఉంది, లోపల కూర్చో అన్నాడు. వద్దన్నాను. రమ్మని భుజం మీద చెయ్యి వేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాను. అంతే, అతని మొహం మారిపోయింది, నడుముకున్న రేడియో చేతిలోకి తీసుకున్నాడు. ఇదంతా లోపల ఒక గది కిటికీలోంచి చూస్తున్న నెరిసిన జుట్టు పెద్దమనిషి కుర్చీలోంచి లేచి, కోటు కూడా లేకుండా వచ్చి తలుపు తీసి పట్టుకుని, తొమ్మిదింటికి రావలసింది నువ్వేనా అని అడిగాడు. నేనేనండీ అన్నాను. మరి రా అన్నాడు. నేను వాచీ చూసుకుని, నవ్వి, అక్కడే నిలబడ్డాను. ఆయన తలుపు పట్టుకునే ఉన్నాడు. లోపలి వేడికీ బయటి చలికీ కళ్లద్దాలు మసకబారితే తీసి తుడుచుకుని, "ఇన్నేళ్లలో ఇలాంటి కుర్రవాణ్ని చూడలేదు," అన్నాడు గార్డుతో. తొమ్మిది అయింది. కుడికాలు పెట్టి లోపలికి నడిచాను.

గదిలో ఆయన నా మార్కుల జోలికి పోలేదు.

"తలుపు తీసి పట్టుకుంటే ఎందుకు రాలేదు?"

బూట్లకు మంచు అంటుకుంది, మీ కార్పెట్ పాడవుతుందని అన్నాను. ఆయన నా పొడి బూట్ల వంక చూశాడు. చెప్పిన టైంకి ముందు రావడం మర్యాద కాదని మా దేశంలో పద్ధతి అన్నాను. మన దేశం సంగతి ఆయనకు ఏమాత్రం తెలిసినా అక్కడికక్కడే పంపేసేవాడు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపుకు తట్టుకోలేక రాహుకాలం సంగతంతా చెప్పేశాను. సీటు పోయిందనుకున్నాను.

"నువ్వు నమ్ముతావా అది?"

"నమ్మనండీ. కానీ సాయంత్రం మా అమ్మ అడుగుతుంది. ఆవిడ దగ్గర అబద్ధం ఆడలేను."

"నా దగ్గర ఇప్పటికి రెండు ఆడావు."

తరవాత ఆయన ఒకటే అడిగాడు: నీ రోగి ఒకావిడ, ఇలాగే, ఫలానా గంట దాటితే గానీ ఆపరేషన్‌కి రానంటే ఏం చేస్తావు?

ఇండియా టైం ప్రకారం ఆ గంట నిన్న రాత్రే దాటిపోయిందమ్మా అని ఒప్పిస్తానన్నాననీ, ఆయన పడీపడీ నవ్వాడనీ నలభై ఏళ్లుగా పార్టీల్లో చెబుతున్నాను. అది శుద్ధ అబద్ధం. ఆ జవాబు తిరిగి వచ్చేటప్పుడు దారిలో తట్టింది, అదీ నాన్నగారి సొత్తు. గదిలో నేను అన్నది వేరు. ఆగడానికి వీలుంటే ఆవిడ పక్కన కూర్చుంటాను అన్నాను. వీలు లేకపోతే అన్నాడు. అప్పుడూ ముందు పక్కన కూర్చునే చెబుతానండీ అన్నాను. ఆయన నవ్వలేదు. ఏదో రాసుకుని, వెళ్లవచ్చన్నాడు.

వసంతకాలంలో సీటు వచ్చింది. నాన్నగారు నమ్మక, మా ఇంటిపేరు గలవాడు ఇంకెవడైనా ఉన్నాడేమోనని ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నారు. ఎవరో మానేసుంటారు, ఆ ఖాళీలో పడ్డాడు అన్నాడు అంకుల్. అమ్మ మాత్రం నాన్నగారి వైపు ఒక చూపు చూసింది. ఆ తరవాత ఆ ప్రొఫెసరు క్లాసులోనే కూర్చున్నా, నన్నెందుకు తీసుకున్నారని అడిగే ధైర్యం ఏనాడూ చెయ్యలేదు. అంకుల్ అన్నదే నిజమేమోనన్న అనుమానం ఇప్పటికీ పోలేదు.

మా మనవరాలు నాకంటే తెలివైనది, దాని ఇంగ్లీషు ముందు నాది ఎందుకూ పనికిరాదు, దానికి సీటు వస్తుంది. నా దిగులు అది కాదు. ఆ రోజు నాకు ఎదురుగా నన్ను ఏమాత్రం నమ్మని ఒక మనిషి కూర్చుని, చాలాసేపు, తొందర లేకుండా నా మొహంలోకి చూశాడు. నన్నూ ఒక తెర ముందు కూర్చోబెట్టి రికార్డ్ చేసి పంపమనుంటే, బూట్ల మాట ఒక్కటీ శుభ్రంగా చెప్పి పంపేసి ఉండేవాణ్ని.