పన్నెండో పేరు

నూకరాజు నడక చూస్తే ఖరగ్‌పూర్ వర్క్‌షాపుని వాళ్ల తాత కట్టించి రైల్వేకి అద్దెకిచ్చాడేమో అనిపించేది. పొట్టి మనిషి, చదువు మూడో తరగతి. అయినా అతను బాయిలర్ షాపులో అడుగుపెడితే ఫోర్‌మన్ కూడా పక్కకి తప్పుకునేవాడు. విజయనగరం దగ్గరి పల్లె నుంచి తండ్రి ఖలాసీగా వచ్చాడు. కొడుకు ఇక్కడే మథురాకాటి రైల్వే క్వార్టర్లో పుట్టి, ఇక్కడే పెరిగి, మథురాకాటి ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెనయ్యాడు. నేను టైమ్ ఆఫీసు గుమస్తా శంకరనారాయణని. ఆ జట్టుకి ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి. నాకు బంతి తన్నడం రాదు, అతనికి ఇంగ్లీషు రాదు. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

షాపులో అతని జోడీ తీతు. పూరీ గేట్ పేట మనిషి, చిన్నప్పటి స్నేహితుడు. ఇంజను బాయిలర్‌కి రివిట్లు కొట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు బాయిలర్ లోపల దూరి, ఎర్రగా కాల్చిన రివిట్ తలని ఇనుప దిమ్మతో అదిమి పట్టాలి. రెండోవాడు బయటినుంచి సుత్తితో బాదాలి. ఆ మోతలో కేకలు వినిపించవు కాబట్టి లోపలివాడు రేకు మీద రెండుసార్లు తడతాడు. అది వినబడ్డాకే బయటివాడు సుత్తి ఎత్తాలి, తొందరపడితే లోపలివాడి చెయ్యి పోతుంది. తీతు లోపల, నూకరాజు బయట. పదిహేనేళ్లలో తీతు చేతికి గీత పడలేదు.

ఆట దగ్గర మాత్రం ఇద్దరూ ఎదురెదురు జట్లు. తీతు పూరీ గేట్ జట్టుకి గోల్‌కీపర్. రైల్వే లీగులో పేటకో జట్టుండేది కానీ, జనం ఎదురుచూసేది ఒక్క ఆట కోసమే. అది విశ్వకర్మ పూజనాటి సాయంత్రం మథురాకాటికీ పూరీ గేట్‌కీ జరిగే ఆట. ఆ రోజు వర్క్‌షాపు తలుపులు ఇంటివాళ్లందరికీ తెరుస్తారు. పొద్దున్న మిషన్లకి దండలు, మధ్యాహ్నం ప్రసాదాలు, సాయంత్రం రైల్వే మైదానంలో ఆట. నూకరాజు తల్లి జోగమ్మ కర్రపీట తెచ్చుకుని హద్దుగీత పక్కనే కూర్చునేది. కొడుకు గోలు కొడితే మురిసిపోయేది, తీతు ఆపితే అంతకన్నా ఎక్కువ మురిసిపోయేది.

అరవై నాలుగులో మథురాకాటి వరసగా మూడో కప్పు గెలిచింది. మర్నాడే నూకరాజు నా బల్ల దగ్గరికొచ్చి, ఎన్నాళ్లు ఈ గోడల మధ్యనే తన్నుకుంటాం, జిల్లా లీగుకి పోదాం అన్నాడు. తమ్లుక్, కాంథీ, ఝాడ్‌గ్రామ్ జట్లతో ఆడితే మథురాకాటి అంటే ఏమిటో జిల్లాకి తెలుస్తుందన్నాడు. నాకూ ఉత్సాహం వచ్చింది. అయితే దరఖాస్తులో కనీసం పన్నెండు పేర్లుండాలి. మా దగ్గర పదకొండే ఉన్నాయి.

"తీతుని రాసీండి బాబుగారూ," అన్నాడు.

అతన్ని అడిగావా అన్నాను.

"ఆడిని అడగడమేటి? నానెల్తే ఆడు రాడేటి?"

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. సంతకం గడిలో ఏం పెట్టాలో తోచక, తీతు టికెట్ నంబరు వేశాను. వర్క్‌షాపులో మనిషంటే ఇత్తడి బిళ్ల మీది నంబరే కదా. హాజరుకీ, సెలవుకీ, జీతానికీ చెల్లిన నంబరు ఆటకి ఎందుకు చెల్లదనుకున్నాను. చెల్లింది కూడా. అదే కొంప ముంచింది.

జిల్లా లీగువాళ్లు పద్ధతి ప్రకారం ఆ జాబితా నకలు రైల్వే లీగుకి పంపారు. ఒక మనిషి రెండు లీగుల్లో ఉండకూడదు కనక తీతుని ఆ ఏడాదికి తీసేశారు. వెళ్లిపోయిన జట్టుకి రైల్వే మైదానం లేదన్నారు. విశ్వకర్మ పూజనాటి ఆట రద్దన్నారు. గోల్‌కీపర్ లేని పూరీ గేట్ జట్టు అడుగుకి దిగజారింది. మేం సుభాష్‌పల్లిలో ఒక గుంటల నేల వెతుక్కుని అక్కడ సాధన మొదలెట్టాం.

తీతు గొడవ పడలేదు. గొడవ పడి ఉంటే బాగుండేది. మాట్లాడ్డం మానేశాడు, అంతే. పొద్దున్నే వచ్చి బాయిలర్లో దూరేవాడు, రెండుసార్లు తట్టేవాడు, భోంపు, అదే షాపు సైరను, మోగితే బయటికొచ్చి చేతులు కడుక్కుని వెళ్లిపోయేవాడు. నూకరాజు మాత్రం రెండు రోజుల్లో అదే సర్దుకుంటుందని నాకు ధైర్యం చెప్పాడు.

జూలైలో మొదటి ఆట ఘాటాల్ జట్టుతో, వాళ్ల ఊళ్లోనే. నూకరాజు టైమ్‌టేబులంతా వెతికాడు, ఘాటాల్ కనబడలేదు. కనబడకపోతే ఏం, ఏదో చిన్న హాల్టయి ఉంటుంది, స్టేషన్లో అడిగితే చెబుతారన్నాడు. నేనూ తక్కువ తినలేదు, ఆ ఊరు వేరే డివిజన్లో ఉంటుందేమో అన్నాను. స్టేషను లేని ఊరు ఉంటుందన్న అనుమానం మా పన్నెండుమందిలో ఒక్కడికైనా రాలేదంటే నమ్మండి. పాసులు జేబుల్లో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబడ్డాం. ఎంక్వైరీలో బెంగాలీ బాబు మమ్మల్ని ఎగాదిగా చూసి, "దాదా, ఘాటాల్‌కి రైలెక్కడిది?" అన్నాడు.

పాంస్కురా దాకా లోకల్లో వెళ్లి బస్సెక్కాం. కండక్టరుకి నూకరాజు దర్జాగా రైల్వే పాసు చూపించాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చి, టికెట్లు కొట్టాడు. తర్వాత బస్సు రేకు మీద రెండుసార్లు చరిచాడు, బస్సు కదిలింది. ఆ చప్పుడుకి నూకరాజు చటుక్కున తలతిప్పి చూడటం నేను గమనించాను. ఏటి దగ్గర వరదనీళ్లలో రెండు గంటలు ఆగిపోయాం. నాలుగింటి ఆటకి ఆరింటికి చేరితే మైదానంలో గోలుకర్రలు తప్ప ఎవరూ లేరు. ఆడకుండానే ఓడిపోయినట్టు రాసేశారు. మరోసారి ఇలా అయితే జట్టు పేరే కొట్టేస్తామని ఉత్తరం వచ్చింది.

తర్వాతి ఆటలు బాగానే ఆడాం, నాలుగు గెలిచాం. ఆఖరి ఆట మళ్లీ ఘాటాల్‌తోనే పడింది. సుభాష్‌పల్లి నేల వాననీళ్లలో ఉండటంతో అది కూడా వాళ్ల ఊళ్లోనే అన్నారు. విశ్వకర్మ పూజ గురువారం, ఆట ఆదివారం. మంగళవారంనాడు మా గోల్‌కీపర్ ఆమోసు టైఫాయిడ్‌తో మంచమెక్కాడు. పదిమందే మిగిలారు. పదకొండుమంది లేకపోతే ఆట మొదలుపెట్టనివ్వరు. ఆడకపోతే జిల్లా లీగులో పేరు పోతుంది, రైల్వే లీగు తలుపు ఎప్పుడో మూసేశారు. జాబితాలో మిగిలింది పన్నెండో పేరు ఒక్కటే.

పూజరోజు షాపు నిండా పిల్లలు, ఆకాశం నిండా గాలిపటాలు. తీతు తమ బాయిలర్ పక్కనే నిలబడి ఉన్నాడు. జోగమ్మ అలవాటుకొద్దీ కర్రపీట తెచ్చుకుంది. ఈ ఏడు ఆట లేదేటిరా అని కొడుకుని అడిగింది. నూకరాజు పీట వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. తిన్నగా తీతు ముందుకెళ్లి నిలబడ్డాడు. ఆ మనిషి తల దించడం నేను చూడటం అదే మొదలు.

"నిన్నడక్కండా నీ నంబరు రాయించినాను. తప్పు నాదే," అన్నాడు. "ఆదివారం ఆటకి ఓ మనిషి తక్కువైనాడు. రమ్మని అడగడానికొచ్చినాను."

తీతు దండవేసిన బాయిలర్ మీద అరచెయ్యి ఆన్చాడు. మూడు నెలల తర్వాత నోరు విప్పి, నెమ్మదిగానే అడిగాడు.

"నాను రెండుసార్లు తట్టందే నువ్వు సుత్తెత్తవు. పదిహేనేళ్లయినాది. అక్కడ ఆగినోడివి ఇక్కడెందుకు ఆగనేదు?"

నూకరాజు మొహం తుడుచుకున్నాడు. "అడిగితే రానంతావని బయమేసినాది."

"రాననే అందును," అన్నాడు తీతు. "నా జట్టు నాకున్నాది." అని జోగమ్మకి దండం పెట్టి వెళ్లిపోయాడు.

భయం అనే మాట నూకరాజు నోట్లో ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. అదేమిటో, ఆ మాట విన్నాక అతనిమీద నా నమ్మకం పెరిగింది.

ఆదివారం పొద్దున్నే ఊళ్లోని ఇందా బస్టాపులో, మేదినీపూర్ మీదుగా ఘాటాల్ పోయే బస్సెక్కాం. రైలు జోలికి పోలేదు. పదిమంది ఆటగాళ్లూ నేనూ. కావలిస్తే నన్ను గోలులో నిలబెడతానని నూకరాజు అన్నాడు కానీ, నా పేరు జాబితాలో లేదని ఇద్దరికీ తెలుసు. బస్సు నిండింది. డ్రైవరు ఇంజను వేశాడు. వెనకాల రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. బస్సు కదలబోయింది. "ఆపు," అని అరిచి నూకరాజు సీటులోంచి లేచాడు. కండక్టరు ముందు తలుపు దగ్గర టికెట్లు కొడుతున్నాడు మరి. వెనక తలుపు దగ్గర తీతు, చంకలో ఆటబట్టల మూట.

"ఈ ఒక్కాటకే," అన్నాడు, ఎక్కుతూనే.

ఆ రోజు అతను ఆపిన బంతులు లెక్కపెట్టడం సగంలో మానేశాను. ఆట ఒకటి ఒకటితో సమానమైంది. జట్టు పేరు నిలిచింది. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీటులో కూర్చుని వేరుశనగలు ఒలుచుకున్నారు. గెలిచినంత సంతోషంగా ఉండి నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను.

మరుసటేడు తీతు తన జట్టుకి తను వెళ్లిపోయాడు. విశ్వకర్మ పూజనాటి ఆట కోసం రెండు లీగులకీ నేను అర్జీలు రాశాను. స్నేహపూర్వకంగా ఆడుకోండని రెండు లీగులవాళ్లూ ఒప్పుకున్నారు. జోగమ్మ పీట మళ్లీ గీత పక్కకి చేరింది.

జిల్లా లీగు దరఖాస్తు మాత్రం ప్రతి ఏడూ ఒకేలా నింపేవాళ్లం. పదకొండు పేర్లు రాసి, పన్నెండో గడి ఖాళీ వదిలి, కొత్త కుర్రాళ్లని పదమూడు నుంచి మొదలెట్టడం. ఖాళీ గడితో ఆ కాగితం తీసుకుని నూకరాజు సైకిలెక్కి పూరీ గేట్ వెళ్లేవాడు. తీతు రానని చెప్పేవాడు. ఇద్దరూ కలిసి అన్నం తినేవారు. ఖాళీ గడి ఖాళీగానే మేదినీపూర్‌లోని జిల్లా లీగు ఆఫీసుకి చేరేది.

డెబ్బై రెండులో, నూకరాజు ఆడిన ఆఖరి ఏడు, నాకు విసుగొచ్చింది. ఎనిమిదేళ్లుగా రానంటున్న మనిషిని మళ్లీ అడగడమెందుకు, ఆ గడి కూడా నింపేద్దామన్నాను. కాగితం నా చేతిలోంచి లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాననడానికయినా ఆడిని అడగాల గదా, బాబుగారూ," అని సైకిలెక్కాడు.